చంటిబిడ్డతో ఓడ ప్రయాణం

గత రెండు మూడు నెలలుగా మాకు వస్తున్న ఉత్తరాలలో ఒక కొత్త ప్రశ్న కనబడుతూ వుంది. ఇదివరలో పళ్ళు వచ్చేటప్పుడు బిడ్డ పేచీ పెడుతున్నదనీ, అన్నప్రాశన ఏ నెలలో చేయాలనీ వ్రాసేవారు. ఇప్పుడు చెన్నై నుండి ఒక సోదరి, ముంబయి నుండి మరొక సోదరి, బరంపురం నుండి ఒక అమ్మమ్మగారు, ముగ్గురూ ఒకే సంగతి ఎత్తారు. చంటిబిడ్డను చంక నేసుకొని విహారపు ఓడ ఎక్కవచ్చునా?

అమ్మమ్మగారి ఉత్తరంలో ప్రశ్న కంటే కోపం ఎక్కువగా వుంది. "పసిగుడ్డును సముద్రం మీదికి తీసుకుపోతారట. వద్దని మీరైనా నాలుగు ముక్కలు వ్రాయండి" అన్నారు. చెన్నై సోదరి మరొక తీరుగా వ్రాశారు. "బిడ్డకు ఎనిమిదో నెల. యీ ఎనిమిది నెలలలో వరుసగా నాలుగు గంటలు నేను నిద్రపోయిన రాత్రి ఒక్కటీ లేదు. మూడు రోజులు వంటింటి ముఖం చూడకుండా వుండాలని వుంది. అది తప్పా?"

తప్పు కాదమ్మా. అమ్మమ్మగారి భయమూ తప్పు కాదు. రెండు ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టుకొని చూస్తే మాకు ఒక సంగతి స్పష్టమయింది. ఓడ మీద సెలవు అనేది బిడ్డకు కాదు, తల్లికి. ఎనిమిది నెలల పాపకు సముద్రమూ ఒకటే, మన పెరట్లో నీళ్ళ తొట్టీ ఒకటే. పాపకు కావలసినవి అమ్మ ఒడి, వేళకు పాలు, వేళకు నిద్ర. అవి ఇంట్లోనే వున్నాయి. కనుక ప్రయాణం కట్టేముందు రెండే ప్రశ్నలు వేసుకోవాలి. బిడ్డకు అపాయం లేకుండా వుంటుందా? తల్లికి నిజంగా విశ్రాంతి దొరుకుతుందా? రెండింటికీ అవునని జవాబు వస్తేనే టిక్కెట్టు కొనాలి. ఒక్కదానికే వస్తే డబ్బు పోగొట్టుకోవడమే.

మనవాళ్ళు పసిపిల్లలతో ఓడ ఎక్కడం కొత్త కాదు. 1860లో మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ ఆ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల పనికి పోయిన ఆ 342 మందిలో తెలుగువారు వున్నారు, ఆడవారు వున్నారు, పిల్లలు వున్నారు. ఆ తరువాత కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం, గోపాలపురం రేవుల నుండి రంగూను స్టీమర్లలో ఏటేటా వేలమంది మన జనం డెక్కు మీద కూర్చొని బర్మా వెళ్ళారు. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించుకొనే దాకా ఆ రాకపోకలు సాగాయి. డెక్కు ప్రయాణమంటే ఎండా వానా నెత్తిమీదనే, మంచినీళ్ళు కొలతతోనే. ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఓడ అనగానే గుండె దడదడలాడడానికి యిటువంటి జ్ఞాపకాలే కారణం. అమ్మమ్మగారిని చాదస్తురాలని నవ్వి కొట్టిపారవేయరాదు.

అయితే యీనాటి విహారపు ఓడ వేరు. అది నీటి మీద తేలే పెద్ద హోటలు. మన దేశంలో 2021 సెప్టెంబరు నుండి కార్డీలియా కంపెనీవారి ఎంప్రెస్ అనే ఓడ ముంబయి నుండి గోవా వైపు నడవడం మొదలుపెట్టింది. 2022 జూన్‌లో అదే ఓడ చెన్నైకి, విశాఖపట్నానికి కూడా వచ్చింది. నైరుతి వానల కాలంలో పడమటి సముద్రం అల్లకల్లోలంగా వుంటుంది కనుక ఆ నెలలలో ఓడను తూర్పు తీరానికి మళ్ళించారు. ఏ నెలలో ఏ రేవు నుండి ఎక్కడికి పోతుందనేది ఏటేటా మారుతుంది. టిక్కెట్టు కొనేముందు కనుక్కోవలసిందే. సింగపూరు, దుబాయి, అమెరికాలలో వున్న మన పిల్లలకైతే యిటువంటి ఓడలు ఇంకా ఎక్కువ అందుబాటులో వున్నాయి. తాతయ్య, నాయనమ్మలు అక్కడికి వెళ్ళినప్పుడు అందరూ కలిసి ఓడ ఎక్కడం యిప్పుడు ఒక ఆచారమే అయింది.

మొదటి సంగతి వయస్సు. డిస్నీ, రాయల్ కరిబియన్, కార్నివాల్ వంటి పెద్ద కంపెనీలు ఆరు నెలలు నిండని బిడ్డను ఎక్కనివ్వవు. ప్రయాణం మొదటి రోజు నాటికి ఆరు నెలలు నిండి వుండాలని లెక్క. ఓడలో వుండగా నిండుతుందంటే ఒప్పుకోరు. మహాసముద్రం దాటే దూర ప్రయాణాలకు, వరుసగా రోజుల తరబడి రేవు తగలని ప్రయాణాలకు పన్నెండు నెలలు నిండాలంటారు. యీ నియమాన్ని చూసి విసుక్కోకండి. ఆరు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే అది ఎంత త్వరగా ముదురుతుందో పిల్లల డాక్టర్లందరికీ తెలుసు. ఓడ కంపెనీకి కూడా తెలుసు. ఇదే సందర్భంలో మరొక మాట. తల్లికి మళ్ళీ నెల తప్పి వుంటే, ప్రయాణం ముగిసేలోపల ఇరవై నాలుగో వారం వస్తుందంటే చాలా కంపెనీలు ఆమెను ఎక్కించుకోవు. ఇది కూడా ముందుగా చూసుకోవాలి.

మమ్మల్ని అడిగితే చంటిబిడ్డతో ప్రయాణానికి ఏడో నెల నుండి పదో నెల దాకా అనువైన కాలం. పాలు తాగుతుంది, మెత్తని అన్నం తింటుంది, కూర్చుంటుంది, ఇంకా పరుగెత్తదు. నడక వచ్చిన ఏడాదిన్నర పిల్లవాడితో ఓడ ఎక్కితే, నిలువునా మెట్లూ, బరువు తలుపులూ వున్న ఆ ఊళ్ళో రోజంతా వాడి వెనుక పరుగే. అది సెలవు కాదు, కాపలా. అంతవరకు వేయవలసిన టీకాలు వేయించి వుండాలి. మన దేశపు పట్టికలో తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాక వస్తుంది. తొమ్మిదో నెల ప్రయాణం అనుకునేవారు వీలయితే ఆ టీకా అయి రెండు వారాలు గడిచాక బయలుదేరడం మంచిది.

రెండో సంగతి దూరం. అందరూ ఓడ ఎంత పెద్దది, ఎన్ని అంతస్తులు, ఎన్ని రకాల భోజనం అని అడుగుతారు. తల్లి అడగవలసినది ఒక్కటే: యీ ఓడ వరుసగా ఎన్ని గంటలు రేవుకు దూరంగా వుంటుంది? ఓడలో డాక్టరు వుంటారు, నర్సు వుంటారు, మందులు వుంటాయి. చిన్న జ్వరానికీ, దెబ్బకూ వైద్యం జరుగుతుంది. కాని చంటిపిల్లల స్పెషలిస్టు వుంటారని అనుకోరాదు. పసిపిల్లలకు ప్రత్యేకమైన ఆస్పత్రి ఏర్పాట్లు వుంటాయనీ అనుకోరాదు. నడిసముద్రంలో వున్నప్పుడు హెలికాప్టరు కూడా అన్నివేళలా రాజాలదు. తీరాన్ని అంటిపెట్టుకొని పోయే రెండు మూడు రాత్రుల ప్రయాణం వేరు. చెన్నై నుండి అండమాను పోయే ప్రయాణికుల ఓడ వేరు. ఆ దారి దాదాపు 1,200 కిలోమీటర్లు, సుమారు రెండున్నర రోజులు; మధ్యలో రేవు లేదు. అండమానులో అయినవాళ్ళు వుండి తప్పనిసరిగా వెళ్ళేవారిని కాదనము. సరదాకు వెళ్ళేవారు మాత్రం మొదటిసారి రెండు మూడు రాత్రులు మించని ప్రయాణం పెట్టుకోవాలి. ఓడలో వైద్యానికి వేరే బిల్లు వేస్తారు. ఇంట్లో వున్న ఆరోగ్య బీమా ఓడమీద చెల్లుతుందో లేదో కంపెనీని అడిగి, వ్రాతమూలకంగా జవాబు తెప్పించుకోండి.

కాలం కూడా చూడాలి. బంగాళాఖాతంలో అక్టోబరు నుండి డిసెంబరు దాకా తుపానుల రోజులు. వేసవిలో ఏప్రిల్, మే నెలలలోనూ వాయుగుండాలు పుడతాయి. అరేబియా సముద్రంలో జూన్ నుండి సెప్టెంబరు వరకు వానగాలి. జనవరి మొదలు మార్చి దాకా రెండు వైపులా సముద్రం సాధారణంగా నెమ్మదిగా వుంటుంది. గది ఎన్నుకునేటప్పుడు ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులలో తీసుకోండి. ఉయ్యాలకు కొసలే ఎక్కువ ఊగుతాయి; ఓడకూ అంతే.

ఇక సముద్రపు వాంతుల సంగతి. దీని గూర్చి పెద్దవాళ్ళకు బెంగ ఎక్కువ, కాని చిత్రమేమంటే రెండేళ్ళ లోపు పిల్లలకు యీ బాధ బహు తక్కువ. రెండేళ్ళు దాటిన దగ్గరనుండి పన్నెండేళ్ళ దాకా పిల్లలకే ఎక్కువ. అమ్మకూ నాన్నకూ కడుపులో తిప్పుతూ వుంటే పాప మాత్రం కిలకిల నవ్వుతూ వుంటుంది. దీనిలో ఒక హెచ్చరిక దాగి వుంది. ఓడమీద చంటిబిడ్డ వాంతి చేసుకుంటే "సముద్రం పడలేదులే" అని ఊరుకోరాదు. అది కడుపులో చేరిన రోగం కావచ్చు, డాక్టరుకు చూపించాలి. పెద్దవాళ్ళు వేసుకునే వాంతుల మాత్రలో ముక్క విరిచి బిడ్డకు వేయడం మహా ప్రమాదం. వాటిలో ప్రోమెథజీన్ అనే మందు రెండేళ్ళ లోపు పిల్లలకు ఊపిరి ఆగిపోయేటంత హాని చేయగలదు. పాలిచ్చే తల్లి తాను వేసుకోదలచినా ముందు డాక్టరును అడగాలి. చాలా మాత్రలకు మగత వస్తుంది.

ఓడలలో నిజంగా భయపడవలసిన జబ్బు నోరోవైరస్ అనే వాంతులు, విరేచనాల జబ్బు. వందలమంది ఒకే చోట తింటూ, ఒకే కటకటాలు పట్టుకొని మెట్లెక్కుతూ వుంటే అది ఒకరి నుండి ఒకరికి వేగంగా అంటుకుంటుంది. చాలామంది చేతికి సారా వాసన వచ్చే ద్రవం రాసుకొని శుభ్రమయిందనుకుంటారు. యీ క్రిమి దానికి అంతగా లొంగదు. సబ్బూ నీళ్ళూ పెట్టి, ఇరవై సెకన్లయినా రుద్ది కడగాలి. బిడ్డను ఎత్తుకుంటామని వచ్చేవారు చాలామంది వుంటారు. పసిపాప కనబడితే ఓడంతా చుట్టాలే. మొహమాటపడక "చేతులు కడుక్కొని ఎత్తుకోండి" అనండి. పాప ఆడుకునేందుకు ఇంటినుండి ఒక మందపాటి దుప్పటి తీసుకుపోయి దానిమీదనే వదలండి; అందరూ నడిచే తివాచీ మీద పాకనివ్వవద్దు.

సంచిలో జీవన జలం పొట్లాలు, అదే ఓ.ఆర్.ఎస్., నాలుగయినా వుండాలి. విరేచనాలు పట్టుకుంటే తల్లిపాలు ఆపకుండా ఇస్తూ, ఒక్కొక్క విరేచనానికి 50 నుండి 100 మిల్లీలీటర్ల వరకు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. లీటరు పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక్కసారే కలపాలి; చిటికెడు చిటికెడు తీసి కలిపితే పాళ్ళు తప్పుతాయి. కలిపిన నీళ్ళు ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. బిడ్డ పాలు తాగలేకపోయినా, తాగినదంతా కక్కుతున్నా, ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, మాడు లోపలికి దిగినా, మత్తుగా పడివున్నా, ఇక పొట్లాలతో కాలక్షేపం చేయరాదు. అర్ధరాత్రి అయినా సరే ఓడ డాక్టరును లేపాలి.

భోజనం సంగతి చెప్పాలి. తల్లిపాలు తాగే బిడ్డకు చిక్కే లేదు. అమ్మ ఎక్కడుంటే అన్నం అక్కడే. సీసాపాలు పట్టేవారికి మాత్రం ఒక ఇబ్బంది వుంది. నిప్పు భయం వల్ల ఓడలలో కరెంటు కెటిల్, నీళ్ళు కాచే రాడ్డు, ఇస్త్రీపెట్టె వంటివి తేనివ్వరు. "చిన్న కుక్కరొకటి సంచిలో వేసుకుందాం" అని అత్తగారు అంటారు. రేవులోనే తీసి పక్కన పెడతారు. కాబట్టి బాగా మరిగిన నీళ్ళు కావాలని వంటశాల వారిని వేళ చెప్పి అడగాలి. డబ్బాపాల పొడిని 70 డిగ్రీలకు తగ్గని వేడినీళ్ళతో కలిపి, తరువాత చల్లార్చి పట్టాలి. కలిపి రెండు గంటలయినవి మళ్ళీ పట్టరాదు. సీసాలు కడగడానికి ఒక గిన్నె, బ్రష్షు, సబ్బు వెంట వుండాలి. మూత తీయని పాలపొడి డబ్బా తెచ్చుకోనిస్తారు. ఇంట్లో వండిన పదార్థాలు చాలా కంపెనీలు రానివ్వవు. రాగిపిండి, ఉగ్గుపొడి తీసుకుపోదలచినవారు ముందుగా కనుక్కోండి. మన తీరపు ఓడలలో మెత్తని అన్నం, పప్పు, పెరుగు, అరటిపండు, ఉడికించిన బంగాళదుంప దొరకడం కష్టం కాదు. ఉప్పూ కారం వేయకముందే బిడ్డకు కాస్త తీసి ఇమ్మని ముందురోజే చెప్పి వుంచితే సరి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు, ఇంట్లోనైనా, ఓడలోనైనా.

స్నానానికి చాలా గదులలో పైనుండి పడే జల్లు తప్ప తొట్టి వుండదు. మన బకెట్టూ చెంబూ అసలే వుండవు. గాలి ఊది వాడుకునే చిన్న రబ్బరు తొట్టి పట్టుకుపోతే హాయి. ఓడలోని ఈతకొలనులో మలమూత్రాలు చెప్పలేని వయస్సు పిల్లలను, డైపరు కట్టినా సరే, చాలా ఓడలలో దింపనివ్వరు. ఇందులో మనను చిన్నబుచ్చడం ఏమీ లేదు. ఒక్క బిడ్డ వల్ల కొలనంతా కలుషితం అవుతుంది. పెద్దవాళ్ళు వంతులవారీగా దిగితే సరి. ఎండ పదింటి నుండి నాలుగింటి దాకా పనికిరాదు. నీటి మీద పడ్డ ఎండ తిరిగి ముఖం మీదికి కొడుతుంది. నీడలో వున్నా టోపీ వుండాలి.

నిద్రకు బిడ్డకు ప్రత్యేకంగా కటకటాల చిన్న మంచం కావాలని టిక్కెట్టు కొన్నప్పుడే వ్రాయించండి. చాలా ఓడలలో అద్దె లేకుండానే ఇస్తారు, కాని అవి లెక్కకు మాత్రమే వుంటాయి. ఓడ మంచాలు ఇరుకు. ఇద్దరి మధ్య బిడ్డను పడుకోబెడితే మెత్తని పరుపులో, దుప్పట్లలో ఊపిరాడకపోయే భయం వుంది. తలగడ లేకుండా వెల్లకిల పడుకోబెట్టాలి. గది తలుపు బరువైనది, తనంతట తానే మూసుకుంటుంది. పాప వేళ్ళు జాగ్రత్త. బాల్కనీ వున్న గదికి ఎక్కువ డబ్బు పోసి కొంటారు చాలామంది. చంటిబిడ్డ వున్నవారికి అది అక్కరలేదని మా అభిప్రాయం. తీసుకున్నట్లయితే తలుపు ఎప్పుడూ గడియ వేసి వుండాలి. కటకటాల పక్కన కుర్చీ వుంచరాదు. ఫోటో కోసమైనా, ముద్దు కోసమైనా, ఎంతటి బలమైన చేతులయినా, బిడ్డను కటకటాల దగ్గర ఎత్తి పట్టుకోరాదు. యీ ఒక్క నియమానికి మినహాయింపు లేదు.

ఓడ కదిలేముందు ప్రయాణికులందరికీ ఒక కసరత్తు చేయిస్తారు. అపాయం వస్తే ఎక్కడికి పోవాలి, లైఫ్ జాకెట్టు ఎలా తొడుక్కోవాలి అని చూపుతారు. మనవాళ్ళు చాలామంది ఆ సమయంలో పెట్టెలు సర్దుకుంటూ, టీ తాగుతూ వుంటారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాతికి కొట్టుకొని ఒరిగిపోయింది. 32 మంది మరణించారు. వారిలో ఐదేళ్ళ పాప కూడా వుంది. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి అప్పటికింకా కసరత్తు జరగనే లేదు. ఆ తరువాత అంతర్జాతీయ నియమాలు మార్చి, 2015 నుండి ఓడ బయలుదేరేముందు గాని, బయలుదేరిన వెంటనే గాని చేయించి తీరాలన్నారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే అపాయపు గంట అని గుర్తు.

పదిహేను కిలోల లోపు బరువున్న బిడ్డలకు వేరే చిన్న జాకెట్టు వుంది. ఒక రోజుకు మించిన ప్రయాణంలో ఓడలో ఎంతమంది చంటిబిడ్డలుంటే అన్ని జాకెట్లు వుండాలని అంతర్జాతీయ నియమం. గదిలో పెద్దవాళ్ళవే కనబడితే ఊరుకోకండి. అడిగి తెప్పించుకొని, బిడ్డకు ఒకసారి తొడిగి చూడండి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. అపాయం వచ్చిన రాత్రి మొదటిసారి తొడగడం కంటే యిది మేలు. లిఫ్టులు ఆ వేళ నడవవు గనుక తోపుడుబండి పనికిరాదు; బిడ్డను గుండెకు కట్టుకునే గుడ్డసంచి వుంటే రెండు చేతులూ ఖాళీగా వుంటాయి. బిడ్డను ఎవరు ఎత్తుకోవాలి, అమ్మమ్మ చేయి ఎవరు పట్టుకోవాలి అనేది ముందే అనుకోవాలి.

కాగితాల గూర్చి రెండు మాటలు చాలు. మన తీరంలోనే తిరిగే ఓడకు బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు, బాల ఆధార్ దగ్గర వుంచుకోండి. పరాయి దేశపు రేవు తగిలేటట్లయితే చంటిబిడ్డకైనా సొంత పాస్‌పోర్టు వుండాలి. తల్లి పాస్‌పోర్టు మీద బిడ్డ వెళ్ళే కాలం ఎప్పుడో పోయింది.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. తల్లికి విశ్రాంతి దొరుకుతుందా? ఇక్కడే మాకు ఎక్కువ అనుమానం. ఓడలో వంట లేదు, గిన్నెలు తోమడం లేదు, ఇల్లు ఊడవడం లేదు. నిజమే. కాని బిడ్డ పని ఒక్క పిసరు కూడా తగ్గదు. పైగా అలవాటయిన ఉయ్యాల లేదు, పక్కింటి పిన్నిగారు లేరు, పనిమనిషి లేదు. అందరూ భోజనాలకు, పాటకచేరీలకు పోతే, "బిడ్డ నిద్రపోతున్నది, నువ్వు గదిలో వుండమ్మా" అని ఆమెను మాత్రం దిగవిడిచి పోతారు. చల్లని గదిలో కూర్చొని, సీసాలు కడుక్కుంటూ, పైఅంతస్తు నుండి వినవచ్చే వాద్యాలు వింటూ మూడు రాత్రులు గడిపి వచ్చే తల్లికి ఆ సెలవు ఎందుకు? అదే పని ఇంట్లో అయితే ఖర్చయినా మిగిలేది.

కొన్ని విదేశీ ఓడలలో ఆరు నెలల నుండి మూడేళ్ళ దాకా పిల్లలను గంటల లెక్కన చూసుకునే శిశుశాలలు వున్నాయి. వాటికి వేరే డబ్బు చెల్లించాలి, ముందుగా చోటు పట్టుకోవాలి. మన ఓడలో వుంటుందని అనుకోకుండా అడిగి తెలుసుకోండి. శిశుశాల వున్నా లేకున్నా అసలు ఏర్పాటు ఇంటివాళ్ళలోనే జరగాలి.

అందుకని మా సలహా యిది. బయలుదేరే వారం ముందు భార్యాభర్తలు కూర్చొని కాగితం మీద వేళలు వ్రాసుకోవాలి. పొద్దున ఆరు నుండి తొమ్మిది దాకా బిడ్డ తండ్రిది. ఆ మూడు గంటలూ తల్లి నిద్రపోవాలి. నిద్రపోకపోతే సముద్రం చూస్తూ కూర్చోవాలి. ఎక్కడికి పోయావని ఎవరూ అడగరాదు. సాయంకాలం భోజనానికి ఒక రాత్రి తండ్రి గదిలో వుండాలి, ఒక రాత్రి తల్లి. పాలు తప్ప మిగతా పనులన్నీ, గుడ్డలు మార్చడం, ఒళ్ళు తుడవడం, జోకొట్టడం, తండ్రి చేతకు రావలసినవే. మగవాళ్ళు చాలామంది బిడ్డను ఎత్తుకొని నాలుగు ఫోటోలు తీయించుకొని "ఇదిగో, ఏడుస్తున్నది" అని తిరిగి ఇచ్చేస్తారు. ఓడలో అది చెల్లదు. ఆఫీసు లేదు, ఫోను సరిగా పలకదు. తప్పించుకునే దారి ఎక్కడిది? బిడ్డకూ తండ్రికీ చనువు కుదరడానికి యింతకంటే మంచి చోటు లేదు.

అమ్మమ్మనో నాయనమ్మనో వెంట తీసుకుపోతే మరీ మంచిదే. కాని ఒక షరతు. ఆమెను ఆయాగా తీసుకుపోరాదు. ఆమెకు కూడా అది సెలవే. జీవితమంతా వండి పెట్టిన మనిషికి, ఎవరో వండి వడ్డించిన అన్నం కూర్చొని తినే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? ఆమెకు కూడా కాగితం మీద ఖాళీ గంటలు వ్రాయండి. కోపంతో వుత్తరం వ్రాసిన అమ్మమ్మగారికి మా మనవి కూడా యిదే. వద్దని చెప్పడం కంటే, "నేనూ వస్తాను, రాత్రి ఒక జాము నేను చూసుకుంటాను" అని ఒక్కసారి అని చూడండి. మీ అమ్మాయి ముఖంలో ఎంత వెలుగు వస్తుందో చూస్తారు.

ఎవరు వెళ్ళకూడదో కూడా చెప్పాలి. నెలలు నిండక పుట్టిన బిడ్డ, గుండెకో ఊపిరితిత్తులకో జబ్బు వున్న బిడ్డ, యీ మధ్యనే ఆస్పత్రిలో వుండి వచ్చిన బిడ్డ, తన డాక్టరు అనుమతి లేకుండా ఓడ ఎక్కరాదు. బయలుదేరే రోజున జ్వరం వుంటే టిక్కెట్టు డబ్బు పోయినా సరే ఆగిపోవాలి. తల్లి విషయం కూడా ఆలోచించాలి. అలసట వేరు, దిగులు వేరు. రోజూ కారణం లేకుండా కన్నీళ్ళు రావడం, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం, బిడ్డమీదా తనమీదా విరక్తి కలగడం, రెండు వారాలకు మించి యిలా వుంటే అది ప్రసవం తరువాత వచ్చే జబ్బు. దానికి మందు వుంది, మంచి వైద్యం వుంది; డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఓడ ఎక్కితే అదే పోతుందిలే అని ఇంట్లోవాళ్ళు వాయిదా వేయరాదు.

ఓడకు పోలేని ఇళ్ళే మనలో ఎక్కువ. వారికి కూడా యీ లెక్కంతా పనికివస్తుంది. పొద్దున మూడు గంటలు తల్లికి నిద్ర, సాయంత్రం ఒక గంట తనకంటూ తీరిక, వారానికి ఒక పూట ఆమె వండని అన్నం. ఇవి ఇవ్వడానికి రేవు అక్కరలేదు, టిక్కెట్టు అక్కరలేదు. ఇవి ఇంట్లో ఇవ్వడం అలవాటయిన కుటుంబమే ఓడమీద కూడా ఇస్తుంది. కనుక టిక్కెట్టు కొనేముందు ఒక వారం ఇంట్లోనే ఆ కాగితం ప్రకారం నడిచి చూడండి. నడిస్తే, ఆరు నెలలు నిండిన ఆరోగ్యమైన బిడ్డతో, మంచి కాలంలో, తీరానికి దగ్గరగా, రెండు మూడు రాత్రుల ప్రయాణానికి నిశ్చింతగా బయలుదేరండి. నడవకపోతే ముందు ఇల్లు సరిచేసుకోండి. సముద్రం ఎక్కడికీ పోదు.